వాసన ఎవరిది

ఆ భవనంలో అందరూ ఆయన్ని ఇంజినీరు గారనేవారు. ఆ బిరుదు ఎవరిచ్చారని ఆరా తీస్తే చివరికి ఆయన దగ్గరే తేలేది. ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో ఉన్నాడు. తనిఖీ అంటే బోల్టు విప్పి చూడటం కాదు. దానికి వేరే మనుషులుండేవారు. వాళ్లు గ్రీజు చేతులతో బయటికొచ్చి "బానే ఉంది సార్" అంటే, ఈయన జేబులోంచి పెన్ను తీసి లిఫ్టు గోడకి వేలాడే కాగితం మీద సంతకం పెట్టేవాడు. ముప్ఫై రెండేళ్లు అలా సంతకాలు పెట్టీ పెట్టీ, లోకంలో ఉన్న యంత్రాలన్నీ తన మాట వింటాయన్న నమ్మకం కుదిరింది. రిటైరయ్యాక సంతకానికి లిఫ్టులు దొరకలేదు. దాంతో ఆ నమ్మకమంతా ఇంట్లో వాషింగ్ మెషిన్ మీద పడింది.

గుండ్రటి గాజు తలుపు ముందువైపు ఉండే రకం అది. ఆరేళ్ల క్రితం కొన్నారు. కొన్న వారంలోనే దానికి జిప్పున్న ప్లాస్టిక్ తొడుగు కుట్టించాడు. పైన గోడకి ఒక అట్ట అంటించాడు. బట్టలు తీయగానే తలుపు బిగించి మూసేయాలి, లేకపోతే దుమ్ము పోతుంది. సబ్బుపొడి రెండు కప్పులు వేయాలి, నురగ కనపడకపోతే ఉతికినట్టే కాదు. వేడినీళ్లు నిషేధం. కింద మూలనున్న చిన్న తలుపు జోలికి ఎవరూ పోకూడదు. మెషిన్‌తో పాటు వచ్చిన పుస్తకంలో ఈ నాలుగింటికీ సరిగ్గా తలకిందులుగా రాసి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలీదు. పుస్తకాలు చదవడం తెలీనివాళ్లు చేసే పని కదా!

బట్టలు వేసేది, తీసేది, ఆరేసేది, మడతపెట్టేది ఆయన భార్య. మెషిన్ మాత్రం ఆయనది.

ఆ ఇంటికి ఒక రోజు భార్య వాళ్ల అక్క వచ్చింది. మోకాలికి ఆపరేషన్ అయింది. ఆవిడ ఒంటరి మనిషి. ఉండేది ఐదో అంతస్తులో, మెట్లు తప్ప మరో దారి లేని పాత ఇంట్లో. రెండు నెలలపాటు మెట్లెక్కకూడదన్నాడు డాక్టరు. "మా ఇంటికి వచ్చెయ్యి అక్కా, ఎవరున్నారు నీకు" అని చెల్లెలు ఫోన్‌లో ఏడిస్తే, అక్క ఓ చిన్న పెట్టె సర్దుకుని వచ్చింది.

అక్క ఎవరో చెప్పాలి. పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్ల వయసులో చేరి, ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి, చివరి పన్నెండేళ్లూ దానికి పెద్దగా ఉండి బయటికొచ్చిన మనిషి. గది నిండేంత మెషిన్లు తొమ్మిది, మనుషులు పద్నాలుగు మంది ఆవిడ చేతికింద ఉండేవారు. ఆపరేషన్ గదుల దుప్పట్లు, కాన్పు గదుల గుడ్డలు, కాలిన ఒళ్లకు చుట్టిన బట్టలు, అన్నీ ఆవిడ చేతుల మీదుగా పోయి తెల్లగా తిరిగొచ్చేవి. దుప్పటి కొసని ముక్కు దగ్గర పెట్టుకుని, నీళ్లు ఎంత వేడిలో తిరిగాయో చెప్పేదని ఆవిడ కింద పనిచేసినవాళ్లు ఇప్పటికీ అంటారు. మాటలు తక్కువ. అన్న నాలుగు మాటలకీ పదును ఉండేది.

వచ్చిన రెండో రోజు పొద్దున మొహం కడుక్కుని, చెల్లెలు ఇచ్చిన తువ్వాలు మొహానికి ఆన్చుకోగానే చెయ్యి ఆగిపోయింది. మూసిన గదిలో వారం రోజులు మరిచిపోయిన తడి చెప్పులకి ఆ వాసన ఉంటుంది. మడత నలగని, ఎండలో ఆరిన తువ్వాలుకి ఎందుకుండాలి?

వంటింట్లోకి వెళ్లి చెల్లెల్ని అడిగింది. "మెషిన్ తలుపు చుట్టూ రబ్బరు ఉంటుంది కదే, దాని మడతలోపల తుడుస్తున్నావా?"

"ష్! నెమ్మదిగా అక్కా. ఆయన వింటారు."

"వింటే ఏం? నేను అడిగింది రబ్బరు గురించి."

అప్పటికే ఆయన విన్నాడు. పేపరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వదినగారూ, ఆస్పత్రి వాషింగ్ వేరండీ. అక్కడ పెద్ద పెద్ద డ్రమ్ములు, ఆవిరి, మోటు వ్యవహారం. ఇది కంప్యూటర్ మెషిన్. దాన్నది చూసుకుంటుంది. మనం వేలు పెడితేనే పాడవుతుంది."

"దాన్నది చూసుకోదు మరిదిగారూ. అది ఇంటిల్లిపాది మురికంతా మింగుతుంది. దాని నోరు మనమే కడగాలి."

ఆయన నవ్వాడు. జాలిపడి నవ్వే నవ్వు అది. దాని మీద ఎవరూ ఏ తనిఖీ చెయ్యలేదు గాని, లోపల అంతా గాలే. చెల్లెలు స్టౌ మీద ఖాళీ గిన్నెని అటొకసారి ఇటొకసారి జరిపింది. అక్క తన గదికి వెళ్లిపోయింది. పరాయి పంచన ఉన్నప్పుడు నోరు ఎంతవరకు తెరవాలో ఆవిడకు తెలుసు.

ఆ వారమే ఎదురు ఫ్లాటు టీచరమ్మ ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చింది. టీచరమ్మకి కుర్చీ వేశారు. కుర్చీ వెనక కడ్డీ మీద ఆరేసి తెచ్చిన దుప్పట్లు ఉన్నాయి. టీచరమ్మ ముక్కు ముడుచుకుంది. మంచి మనిషే కాబట్టి పైకేమీ అనలేదు. చేతి రుమాలు తీసి మొహం తుడుచుకున్నట్టు నటించింది. అది ఇంజినీరు గారి కంట పడింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినా పక్క గదికి వినపడేంత గొంతు. "మా వదినగారు వచ్చారు కదండీ. వయసు, ఆపరేషను, మందులు... మంచం మీదే ఉంటారు. ఏం చేస్తాం, మనవాళ్లు కదా, సర్దుకోవాలి. ముసలి వాసన అంటారే, అది."

పక్క గదిలో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న అక్క ఆ మాట విన్నది. అది ఆవిడకి అంతగా తగల్లేదు. మూర్ఖుడి మాట, గాలికి పోతుంది. కానీ ఆ మాట తరవాత ఒక చిన్న నవ్వు వినిపించింది. టీ కప్పులు తెచ్చి బల్ల మీద పెడుతున్న చెల్లెలి నవ్వు అది. భర్త మాటకి ఆనవాయితీగా నవ్వే, గొంతు దాటని నవ్వు. అది తగిలింది.

అక్క వయసు యాభై రెండు.

మర్నాటి నుంచి ఆవిడ తన బట్టలు మెషిన్‌లో వెయ్యనివ్వలేదు. స్నానాల గదిలో పీట మీద కూర్చుని, ఆపరేషనైన కాలు ముందుకి చాపి, బకెట్లో నానబెట్టి చేత్తో ఉతుక్కునేది. వంగినప్పుడల్లా మోకాలు కలుక్కుమనేది. చెల్లెలు గుమ్మం దగ్గరికి వచ్చి, "నేను వేస్తాను కదా అక్కా" అనేది. "ముసలి వాసన మీ మెషిన్‌కి అంటుతుందేమో" అనేది అక్క. చెల్లెలు వెళ్లిపోయేది.

ఇంజినీరు గారు అక్కడితో ఆగలేదు. ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టాక దాని ప్రకారం ఇల్లంతా నడవాల్సిందే. వదినగారి తువ్వాలుని స్నానాల గది కొక్కెం మీంచి తీసి బాల్కనీకి మార్చాడు. ఆవిడ కూర్చునే కుర్చీ మీద ఒక పాత దుప్పటి పరిచాడు. మెట్ల దగ్గర కనపడ్డ ప్రతివాళ్లకీ "మా ఇంట్లో పరిస్థితి తెలుసు కదా" అని మొదలుపెట్టేవాడు. మూడు వారాలు గడిచేసరికి ఆ భవనంలో వదినగారి మొహం చూసినవాళ్లు నలుగురే, వాసన గురించి విన్నవాళ్లు నలభై మంది.

మరి వదినగారి బట్టలు బకెట్లోకి మారిపోయి మూడు వారాలయింది కదా, ఇంట్లో వాసన పోయిందా? పోలేదు. ఆయన చొక్కాలే చెమట పట్టగానే గుప్పుమనేవి. ఆ సంగతి సిద్ధాంతంలో ఇమడదు కాబట్టి ఆయన ముక్కు దాన్ని పట్టించుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఇంతలో రెండో అంతస్తులో ఎవరిదో వాషింగ్ మెషిన్ కారి, కింది ఇంటి పైకప్పు నాని, పెచ్చు ఊడిపడింది. భవనంలో వాళ్లు సమావేశం పెట్టుకున్నారు. మెషిన్లని ఎలా చూసుకోవాలో అందరికీ ఒకసారి ఎవరైనా చెబితే బాగుంటుందని ఎవరో అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఇంజినీరు గారు లేచి నిలబడ్డాడు. ఆదివారం పొద్దున పదింటికి తన ఇంట్లోనే, తన మెషిన్ మీదే పాఠం చెప్తానన్నాడు. వచ్చినవాళ్లకి పంచడానికి 'మెషిన్ సంరక్షణ: పది సూత్రాలు' అని కాగితం అచ్చేయించాడు. కింద తన సంతకం కూడా వేయించాడు. అలవాటు.

శనివారం సాయంత్రం అక్క, గోడ పట్టుకుని నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లింది. ఆవిడ తనంతట తానుగా ఆయనతో మాట్లాడ్డం ఈ నెలలో అదే మొదటిసారి.

"మరిదిగారూ, రేపు నలుగురిలో తియ్యబోయే ముందు ఒకసారి ఇవాళ తీసి చూసుకోండి. లోపల ఎలా ఉందో."

"ఎలా ఉంటుంది వదినగారూ? ఆరేళ్లలో ఒక్క గీత పడలేదు దాని మీద!"

"పైన గీత పడకపోతే లోపల పాచి పట్టదా?"

"మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడాయన, అట్ట మీద దుమ్ము తుడుస్తూ.

అక్క తిరిగి వెళ్లిపోయింది. చెప్పాల్సింది చెప్పింది. రెండోసారి బతిమాలడం ఆవిడ ఒంట్లో లేదు.

ఆదివారం పదింటికి తొమ్మిది మంది వచ్చారు. టీచరమ్మ వచ్చింది. కింద దుకాణం ఉన్న దర్జీ, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు. మిగతావాళ్లు తలో మూల సర్దుకున్నారు. వంటింటి వెనక మెషిన్ ఉన్న ఇరుకు గది చాలక సగం మంది వంటింట్లో నిలబడి మెడలు చాచారు. అక్క కూడా వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. ఆవిడ కూర్చోగానే టీచరమ్మ తన కుర్చీని మర్యాదగా, చప్పుడు కాకుండా ఒక జానెడు అవతలికి జరుపుకుంది.

ఇంజినీరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒక చేతిలో పుల్ల. పెళ్లికూతురి మేలిముసుగు తీసినంత నెమ్మదిగా జిప్పు లాగి తొడుగు తీశాడు.

"చూడండి! ఆరేళ్ల మెషిన్ అంటే నమ్ముతారా?"

నిజంగానే నమ్మేలా లేదు. బయట తళతళ. ఆయన తలుపు తెరిచాడు. ఆ ఇరుకు గదిలోకి, తొమ్మిది మంది ముక్కుల్లోకి ఒక గాలి బయల్దేరింది. వెనకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు వంటింట్లోకి తగ్గారు. ఇంజినీరు గారు ఒక్క క్షణం తడబడి, కుర్చీలో ఉన్న వదినగారి వైపు చూసి, అందరికీ అర్థమయ్యేలా కళ్లు దించాడు. కొందరు అర్థమైనట్టు తలూపారు కూడా.

"మొదటి సూత్రం, నురగ" అన్నాడు. అప్పుడే ప్యాకెట్ విప్పిన కొత్త తెల్ల తువ్వాలు ఒకటి అందరికీ చూపించి లోపల వేశాడు. రెండు కప్పుల పొడి పోశాడు. మీట నొక్కాడు. నీళ్లు దిగాయి, డ్రమ్ము తిరిగింది, పావుగంటకి గాజు తలుపు వెనక మబ్బుల్లా నురగ నిండింది. ఈలోపల ఆయన రెండు నుంచి ఆరు వరకు సూత్రాలు చదివాడు. వింటున్నవాళ్లు వాచీలు చూసుకున్నారు.

దర్జీ ఒక్కడే శ్రద్ధగా వింటున్నాడు. అతనికి నిజంగానే నేర్చుకోవాలని ఉంది. "సార్, కింద మూల ఆ చిన్న తలుపేంటండీ? మా మెషిన్‌కి కూడా ఉంది. ఎప్పుడూ తియ్యలేదు."

"ఫిల్టర్." ఇంజినీరు గారు పుల్లతో దాన్ని తట్టాడు. "బట్టల్లోంచి వచ్చే చెత్త అక్కడ ఆగుతుంది. నెలకోసారి శుభ్రం చేసుకోవాలి."

"మీరు నెల నెలా చేస్తారా సార్?"

"మరి? చెయ్యకుండా ఇలా ఉంటుందా?"

చెల్లెలు వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

"అయితే ఒక్కసారి తీసి చూపించండి సార్. చూస్తే నేనూ చేసుకుంటాను."

కాదంటే పరువు పోతుంది. ఆయన మెషిన్ మీట నొక్కి ఆపి, మోకాళ్ల మీద కూర్చుని చిన్న తలుపు తీశాడు. వెనకాల నల్లటి గుండ్రటి బిరడా ఉంది. తిప్పాడు. కదల్లేదు.

"నీళ్లు దించండి ముందు" అంది అక్క కుర్చీలోంచి. "డ్రమ్ములో నిండా ఉన్నాయి. బిరడా పక్కనే చిన్న గొట్టం ఉంటుంది. కింద గిన్నె పెట్టి ఆ గొట్టం మూత తియ్యండి. నీళ్లన్నీ పోయాక తిప్పండి."

"వదినగారూ, ప్లీజ్." ఆయన వెనక్కి చూడలేదు. "ఆస్పత్రి కాదిది."

పట్టకారు తెప్పించాడు. బిరడాని పట్టకారుతో పట్టి, పళ్లు బిగించి, మొహం ఎర్రబడేదాకా తిప్పాడు. ఆరేళ్లుగా మూసుకున్న నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

బిరడా ఆయన చేతిలోంచి ఎగిరి గోడకి తగిలింది. దాని వెనకే డ్రమ్ములో నీళ్లన్నీ వచ్చాయి. తెల్లగా కాదు, నురగతోనూ కాదు. ముందు వచ్చింది నలుపు. నానిన బూడిద రంగు ముద్దలు, వెంట్రుకల చుట్ట, దారాలు, రెండు గుండీలు, జడపిన్ను, పెన్ను మూత, వాటి వెనక జిగట జిగటగా ఇంకేదో. అది ఏమిటో ఎవరూ అడగలేదు. అదంతా ఇంజినీరు గారి ఇస్త్రీ చొక్కా మీదుగా, ఒడిలోంచి, నేల మీద పారి, వంటింట్లోకి దారి తీసి, గుమ్మంలో నిలబడ్డవాళ్ల పాదాల్ని తడిపింది. ఇందాకటి గాలి దీని ముందు అత్తరు. ఎవరో పరిగెత్తి కిటికీ తెరిచారు. ఎవరో ఆగకుండా దగ్గారు.

"ప్రెషర్! ప్రెషర్ ఎక్కువైంది!" అంటున్నాడు ఇంజినీరు గారు, రెండు అరచేతులూ ఆ కన్నానికి అడ్డం పెట్టి. నీళ్లు వేళ్ల సందుల్లోంచి వస్తున్నాయి.

"ఎవరూ కదలొద్దు" అంది అక్క.

గొంతు పెంచలేదు. ఆ గొంతుకి పద్నాలుగు మంది పన్నెండేళ్లు కదిలిన అలవాటు ఉంది. ఇక్కడ తొమ్మిది మంది ఆగిపోయారు.

"కరెంటు ఇంకా వస్తోంది దానికి. మీట నొక్కితే చాలదు. టీచరమ్మగారూ, మీరు నిలబడ్డ చోట నేల పొడిగా ఉందా? ఉంటే, మీ తల పక్కన ఉన్న స్విచ్చు ఆపండి. ఆ. దర్జీబాబూ, గుమ్మానికి అడ్డంగా ఆ పాత దుప్పటి పరిచెయ్. నా కుర్చీ మీద వేసిందే, తీసుకో. దానికీ ఒక పని దొరికింది. మరిదిగారూ, మీరు లేవండి."

"వదినగారూ, నేను..."

"లేవండి. పోయేది పోనివ్వండి."

ఆయన లేచాడు. చొక్కా పొట్టకి అంటుకుపోయి ఉంది. తేలు కుట్టిన దొంగలా గోడ పక్కకి జరిగాడు.

నేల తుడిచాక అక్క పీట తెప్పించుకుని మెషిన్ ముందు కూర్చుంది. కాలు చాపింది. ముందు గాజు తలుపు తీసి, లోపలి తువ్వాలు బయటికి లాగి, పిండింది. తువ్వాలుని టీచరమ్మ వైపు చాపింది.

"వాసన చూడండి."

టీచరమ్మ వెనక్కి తగ్గింది. "ఎందుకండీ..."

"చూడండి. ప్యాకెట్టు మీ ఎదురుగానే విప్పారు. మెషిన్‌లోంచి తీసేదాకా దాన్ని నేను తాకను కూడా లేదు. చూసి చెప్పండి, ముసలి వాసన వస్తోందా?"

గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. కొంత ఆ మాటకి, ఎక్కువ ఆ కంపుకి. టీచరమ్మ తువ్వాలు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహం ఎర్రబడింది. "అయ్యో" అంది. "అయ్యో, పెద్దమ్మగారూ."

"పెద్దమ్మని కాదు. మీకంటే నాకు మహా ఉంటే నాలుగేళ్లు ఎక్కువ." అక్క తువ్వాలు తీసుకుని పక్కన పడేసింది. "ఇక వచ్చిన పని చూడండి. మళ్లీ చెప్పను."

రబ్బరు మడతని రెండు వేళ్లతో వెనక్కి తిప్పింది. లోపల నల్లటి పాచి వేలిమందాన ఉంది. దాని మధ్య మెత్తబడిన ఒక మగ మేజోడు. తీసి మరిదిగారి పాదాల దగ్గర పెట్టింది. "ప్రతి ఉతుకు తరవాతా ఈ మడతని పొడిగుడ్డతో తుడవాలి. తలుపు మూయకూడదు. తడి ఆరేదాకా తెరిచి ఉంచాలి. దుమ్ము పోతుందని మూసేవాళ్లు, లోపల బూజుని పెంచుతున్నారని తెలుసుకోవాలి." సబ్బు అరని లాగితే అది గారపట్టి రాయిలా వచ్చింది. వేడినీళ్లలో పడేయించి, పాత పళ్ల బ్రష్షుతో చెల్లెలి చేత తోమించింది. "రెండు కప్పులక్కర్లేదు. రెండు చెంచాలు చాలు. మిగిలిందంతా మురికిని కడగదు, మురికికి తిండి పెడుతుంది." ఫిల్టర్ని కుళాయి కింద కడిగి, దాని గూటిలో వేలు పెట్టి ఇరుక్కున్న దారాలు లాగి, బిరడాని చేత్తోనే బిగించింది. పట్టకారు అడగలేదు. "నెలకోసారి బట్టలు లేకుండా, ఉన్నంతలో ఎక్కువ వేడి మీద ఒక్కసారి ఖాళీగా తిప్పండి. అంతే. ఇందులో ఇంజినీరింగు ఏమీ లేదు. కడుక్కోవడం ఉంది."

దర్జీ తన పది సూత్రాల కాగితం వెనక్కి తిప్పి, చెవి మీది పెన్సిల్‌తో ఇవన్నీ రాసుకున్నాడు.

"ఎంత బాగా చెప్పారండీ!" అంది టీచరమ్మ. ఆవిడకి ఏదో ఒకటి అనాలని ఉంది. "మా ఇంటికి కూడా ఒకసారి..."

"మీ ఇంటికొస్తే కుర్చీ ఎంత దూరం వేస్తారు?" అంది అక్క.

టీచరమ్మ గుమ్మం వైపు తిరిగింది. అందరూ ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఇంజినీరు గారు గుమ్మం దాకా వెళ్లి, తడి చొక్కాతోనే, "కావాలనే అలా చూపించానండీ! శుభ్రం చెయ్యకపోతే ఏమవుతుందో కళ్లారా చూస్తేనే కదా..." అని మెట్ల మీదకి అరిచాడు. మెట్ల మీంచి జవాబుగా నవ్వు వచ్చింది. ఆడలేనివాడికి అనడానికి ఓటి మద్దెలైనా దొరుకుతుంది. ఈయనకి అదీ దొరకలేదు. మద్దెల వాయించిన మనిషి ఇంట్లోనే కూర్చుని ఉంది.

మెషిన్ ఖాళీగా వేడినీళ్లలో తిరుగుతోంది. వంటింట్లో అక్కాచెల్లెళ్లు ఇద్దరే మిగిలారు. చెల్లెలు చేతులు తుడుచుకుంటూ ఉంది. ఎంతసేపైనా తుడుచుకుంటూనే ఉంది.

అక్క ఆవిడ వైపు చూసింది. నీలం జాకెట్టు వేసుకుంది చెల్లెలు. ఆదివారం పూట, నలుగురూ వస్తారని. అక్క చెయ్యి చాపి దాని మోచేతి దగ్గర బట్ట పట్టుకుని ముక్కుకి ఆన్చుకుంది. వదిలేసింది.

"ఇది మెషిన్‌లో ఉతికింది కాదు."

చెల్లెలు మోచెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఆయన వాకింగ్‌కి వెళ్లినప్పుడు... నా మటుకు నేను చేత్తో ఉతుక్కుంటాను."

"ఎన్నాళ్లనుంచే?"

"ఏడాది దాటింది అక్కా."

"అంటే నేను రాకముందు నుంచీ." అక్క గొంతులో కోపం లేదు. అందుకే చెల్లెలికి భయం వేసింది. "వాసన ఎక్కడిదో నీకు తెలుసు. తెలిసీ, వాడు నా మీద పెడుతుంటే, టీ కప్పులు పట్టుకుని నవ్వావు."

"ఏం చెయ్యను అక్కా? మెషిన్ గురించి ఒక్క మాటన్నా వారం రోజులు మాట్లాడరు. ఇల్లంతా మూతి ముడుచుకుని తిరుగుతారు. నువ్వైతే రెండు నెలల్లో వెళ్లిపోతావు కదా అని... నువ్వు పట్టించుకోవులే అని..."

"వాడికి తెలీదు. తెలీదని కూడా తెలీదు. అలాంటివాణ్ణి చూసి నవ్వుకోవచ్చు. నీకు తెలుసు. నిన్ను చూసి ఏం చెయ్యాలి?"

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయిపోయింది అక్కా. కాళ్లు పట్టుకుంటాను."

"నా కాలు అసలే బాలేదు, వదిలేయ్. నా దగ్గర ఏడవకు. నా పరువు ఈ వంటింట్లో పోలేదు. మెట్ల మీద పోయింది. ఏడవాలనుంటే అక్కడికెళ్లి ఏడు."

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. తరవాత చేతిలో గుడ్డ గట్టు మీద పెట్టి, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు ముందు గదిలో చొక్కా మార్చుకుని కూర్చున్న భర్త.

"ఎదురింటికి."

"ఎందుకు?"

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆవిడ ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా గుమ్మం దాటింది. తలుపు మూయడం మరిచిపోయింది. మెట్ల మీది మాటలు ఇంట్లోకి వినిపించాయి.

"టీచరమ్మగారూ, ఒక్క నిమిషం. మా ఇంట్లో వాసన మా అక్కది కాదండీ. మెషిన్‌ది. ఆ సంగతి నాకు ఏడాదిగా తెలుసు."

"అయ్యో, దాందేముందండీ, ఇందాక చూశాం కదా..."

"ఉందండీ. మీరు చూసింది వేరు, నేను చెప్పడం వేరు. తెలిసి ఊరుకున్నాను. మీ ముందు నవ్వాను కూడా."

ఎదురింటి తలుపు మూసుకుంది. చెప్పుల చప్పుడు పై అంతస్తుకెళ్లింది. ఇంకో ఇంటి గంట మోగింది. మళ్లీ అవే మాటలు, ఈసారి కొంచెం గట్టిగా. మూడో ఇంటి దగ్గర గొంతు వణకలేదు. ఇంజినీరు గారు లేచి గుమ్మం దాకా వచ్చి, "ఏమిటిది, ఇంటి పరువు..." అంటూ కుర్చీలో ఉన్న వదినగారిని చూశాడు. ఆవిడ ఆయన్ని చూడ్డం లేదు. తలుపువైపు చెవి ఒగ్గి, ఎన్ని గంటలు మోగాయో లెక్కపెడుతోంది. ఆయన ఆ మాట మింగేశాడు.

అక్క డాక్టరు చెప్పిన రోజు దాకా ఉంది. మధ్యలో పెట్టె సర్దుకుని వెళ్లిపోవచ్చు గానీ, పారిపోయేది తప్పు చేసినవాళ్లని ఆవిడ నమ్మకం. ఉన్నన్నాళ్లూ చెల్లెలితో అవసరమైనంతే మాట్లాడింది. క్షమించానని ఒక్కసారీ అనలేదు. తువ్వాలు కొక్కెం మీదికి తిరిగొచ్చింది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. ఇంజినీరు గారు కొత్త కాగితం అచ్చేయించాడు, పదకొండు సూత్రాలతో. పదకొండోది, ఫిల్టర్ తీసేముందు నీళ్లు దించాలి అన్నది. అది తన అనుభవంతో కనిపెట్టినట్టు రాసుకున్నాడు. ఆ కాగితాలు లిఫ్టు పక్కన కట్టగా పెడితే, దర్జీ వాటిని కొలతలు రాసుకోడానికి పట్టుకెళ్లాడు.

ఇంకో నెల గడిచాక ఒక సాయంత్రం అక్క ఇంటి తలుపు చప్పుడైంది. చెల్లెలు, ఒక్కతే. ఐదంతస్తులు ఎక్కొచ్చి, రొప్పుతూ గోడ పట్టుకుని నిలబడింది. పెళ్లయ్యాక ఈ ఇంటికి ఒంటరిగా రావడం ఇదే మొదలు. అక్క నీళ్లిచ్చింది. టీ పెట్టింది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని తాగారు. కింద వీధిలో ఎవరో సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నారు.

"వచ్చే వారం కూడా వస్తాను అక్కా" అంది చెల్లెలు, లేస్తూ.

"చెప్పి రా. మధ్యాహ్నాలు నేనుండను."

"ఎక్కడికి వెళ్తావు?"

"ఆడపిల్లల హాస్టల్లో లాండ్రీ చూడమన్నారు. వారం అయింది వెళ్లబట్టి. అక్కడివాళ్లకి పని రాదు. కానీ రాదని ఒప్పుకుంటారు. దాంతో బతికిపోతున్నాను." అక్క కప్పులు రెండూ తీసుకుని, ఒకటి చెల్లెలి చేతికిచ్చింది. "అది కడిగేసి వెళ్లు."